లండన్‌లో ఆరుబయట నాటకానికి వెళ్లాలంటే: టికెట్ దగ్గర్నుంచి తిరిగి గది చేరేదాకా

ఏటా జూలై వచ్చేసరికి గుంటూరులో మా బ్రాడీపేట వైపు ఏదో ఒక ఇంట్లో లండన్‌కి సూట్‌కేసులు సర్దుతుంటారు. అక్కడ చదివి వచ్చినదాన్ని కాబట్టి పిల్లలు నా దగ్గరికి వస్తారు. బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, పార్ట్‌టైమ్ పని అన్నీ అడిగాక చివర్లో కొంచెం మొహమాటంగా ఒక మాట అడుగుతారు: "అక్కా, అక్కడ పైకప్పు లేని థియేటర్‌లో రాత్రిపూట నాటకం వేస్తారంట కదా, మనం వెళ్లొచ్చా?"

వెళ్లొచ్చు. తప్పకుండా వెళ్లండి. కానీ ఏమీ తెలుసుకోకుండా వెళ్తే చలికి, కాళ్ల నొప్పికి, ఆఖరి రైలు టెన్షన్‌కి సగంలోనే లేచి వచ్చేస్తారు. నా మొదటిసారి అలాగే అయింది. ఆరుబయట నాటకం బాగా చూడటమనేది గదిలోంచి బయల్దేరకముందు చేసుకున్న ఏర్పాట్లలోనే ఉంటుంది. ఆ ఏర్పాట్లను వరసగా రాస్తున్నాను.

1. ముందు నెల, ఆ తర్వాత రోజు తేల్చుకోండి

లండన్‌లో ఈ నాటకాలు ఏడాది పొడవునా ఉండవు. రీజెంట్స్ పార్క్ ఓపెన్ ఎయిర్ థియేటర్ మే నుంచి సెప్టెంబర్ దాకా నడుస్తుంది. థేమ్స్ ఒడ్డున ఉన్న షేక్‌స్పియర్స్ గ్లోబ్ థియేటర్‌లో ఆరుబయట సీజన్ అక్టోబర్ దాకా సాగుతుంది. మన పిల్లలు ఎక్కువమంది సెప్టెంబర్‌లో దిగుతారు. అంటే దిగిన వెంటనే వెళ్తే సీజన్ చివరి వారాలు దొరుకుతాయి, లేదంటే మళ్లీ వేసవి దాకా ఆగాలి.

నన్నడిగితే జూన్ మంచిది. పరీక్షలు అయిపోయి ఉంటాయి, డిసర్టేషన్ (చదువు చివర్లో రాసే పెద్ద వ్యాసం) ఒత్తిడి ఇంకా మెడ మీదకి వచ్చి ఉండదు. జూన్ చివర్లో లండన్‌లో సూర్యుడు రాత్రి 9:20కి అస్తమిస్తాడు. ఏడున్నరకి నాటకం మొదలైతే మొదటి సగం పట్టపగల్లా ఉంటుంది, రెండో సగంలో ఆకాశం నల్లబడుతూ దీపాల వెలుగు తేలుతుంది. అదే సెప్టెంబర్ మధ్యలో అయితే ఏడుంపావుకే పొద్దు గుంకుతుంది. చలి కూడా ఎక్కువ.

రోజు విషయానికొస్తే శుక్రవారం లేదా శనివారం రాత్రి తీసుకోండి. ఆ రెండు రాత్రులే కొన్ని ట్యూబ్ (లండన్ మెట్రో రైలు) లైన్లు తెల్లవార్లూ నడుస్తాయి. ఆదివారం వద్దు. వారాంతాల్లో పట్టాల మరమ్మతులని రైళ్లు ఆపేయడం అక్కడ మామూలే, ఆదివారమైతే సర్వీసులు కూడా తక్కువ.

పార్ట్‌టైమ్ షిఫ్ట్ ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. డిగ్రీ, పీజీ విద్యార్థి వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయాలి. ఆ వారం సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్క. నాటకం రోజు షిఫ్ట్‌ని వచ్చే వారానికి జరిపితే ఆ వారం 20 దాటిపోవచ్చు. అందుకే అదే వారంలో ఇంకో రోజుకి మార్చుకోండి. పీజీ వాళ్లకి డిసర్టేషన్ రాసే వేసవి నెలలు కూడా కాలేజీ రోజుల కిందకే వస్తాయి, సెలవులని పొరబడొద్దు.

2. ఏ థియేటర్, ఏ టికెట్

విద్యార్థికి నేను చెప్పేది గ్లోబ్‌లో నిలబడే టికెట్. వేదిక ముందున్న ఖాళీ జాగాని యార్డ్ అంటారు, అక్కడ దాదాపు 700 మంది నిలబడి చూస్తారు. టికెట్ 5 పౌండ్ల నుంచి మొదలవుతుంది. దానికి పైకప్పు లేదు, కుర్చీ లేదు. నాటకం నడుస్తున్నంతసేపూ కింద కూర్చోవడానికి ఒప్పుకోరు. చుట్టూ మూడు అంతస్తుల గ్యాలరీలు ఉంటాయి. వాటి మీద గడ్డి కప్పు ఉంది, కింద చెక్క బెంచీలు. బెంచీ టికెట్ ఖరీదు ఎక్కువ, పైగా చాలా బెంచీలకి వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు. దిండు అద్దెకి ఇస్తారు, తీసుకోండి.

నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు, మొన్నమొన్నే జ్వరం తగ్గినవాళ్లు యార్డ్ జోలికి పోవద్దు. డబ్బు ఎక్కువైనా బెంచీయే తీసుకోండి. అయితే బెంచీ టికెట్ కొనేటప్పుడు 'రిస్ట్రిక్టెడ్ వ్యూ' అని రాసుందేమో చూడండి. వేదిక మీద రెండు లావుపాటి స్తంభాలున్నాయి, కొన్ని చోట్ల నుంచి ఆ స్తంభం వెనక నటుడు మాయమైపోతుంటాడు.

రీజెంట్స్ పార్క్ థియేటర్ వేరే తరహా. దాదాపు 1,250 సీట్లు, అందరూ కూర్చునే చూస్తారు, కానీ ఎవరి నెత్తి మీదా కప్పు లేదు. చుట్టూ చెట్లు. నిలబడలేనివాళ్లకి ఇది నయం, ఖర్చు మాత్రం యార్డ్ కంటే బాగా ఎక్కువ.

కొనేటప్పుడు:

- థియేటర్ సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన స్క్రీన్‌షాట్‌కి డబ్బులు కట్టొద్దు.
- తేదీ, మ్యాట్నీనా సాయంత్రం ఆటా అన్నది రెండుసార్లు చూసుకోండి. రెండు ఆటలూ ఉన్న రోజున తప్పు నొక్కడం చాలా తేలిక.
- 'క్యాప్షన్డ్' అని రాసిన ఆట ఉంటే అది తీసుకోండి. డైలాగులు తెర మీద అక్షరాల్లో వస్తాయి. చెవి సరిగా వినపడనివాళ్ల కోసం పెట్టిందైనా, పాత ఇంగ్లీషు కొత్తగా వింటున్న మనకీ ఎంతో సాయం.
- నిలబడే టికెట్లు తొందరగా అయిపోతాయి. అయిపోయాయని వదిలేయకుండా ఆట రోజు ఉదయం మళ్లీ చూడండి, ఒకటీ రెండూ వెనక్కి వస్తుంటాయి.

3. కథ తెలుసుకుని వెళ్లండి

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. ఐఈఎల్‌టీఎస్‌లో 7 వచ్చినవాళ్లు కూడా మొదటి పావుగంట బిక్కమొహం వేస్తారు. షేక్‌స్పియర్ నాటకాల ఇంగ్లీషు 400 ఏళ్ల నాటిది. మనం తరగతిలో వినేది వేరు, అక్కడ వేదిక మీద పలికేది వేరు.

మన పద్య నాటకం గుర్తు తెచ్చుకోండి. మా తాతయ్య నన్ను చిన్నప్పుడు చాప చంకన పెట్టుకుని ఊళ్లో నాటకానికి తీసుకెళ్లేవాడు. పద్యంలో సమాసాలన్నీ నాకు అర్థమయ్యాయా? లేదు. కానీ ఎవరు ఎవరి కొడుకో, ఎవరికి ఎవరి మీద కోపమో ముందే తెలుసు. అందుకే రాగం తీసినంతసేపూ కళ్లార్పకుండా చూశాను. ఇక్కడా అదే పని చేయాలి.

వారం ముందు నుంచి ఇలా చేయండి:

1. నాటకం కథని తెలుగులోనో తేలిక ఇంగ్లీషులోనో ఒకసారి చదవండి. ముగింపు తెలిసిపోతుందని భయపడొద్దు. రాయబారం ఫలించదని తెలిసీ మనవాళ్లు తెల్లవార్లూ కూర్చున్నారు.
2. చిన్న కాగితం మీద పాత్రల పేర్లు రాసి, పక్కనే 'తండ్రి', 'పగవాడు', 'మారువేషంలో ఉన్న అమ్మాయి' అని తెలుగులో రాసుకోండి. ఎనిమిది పేర్లు చాలు.
3. కాపీరైట్ తీరిపోయిన పాత నాటకాల మూలం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఒక్క సన్నివేశం తీసుకుని గదిలో గట్టిగా పైకి చదవండి. కంటితో చదివితే అడ్డం తిరిగే వాక్యం, నోటితో పలికితే దారికొస్తుంది.
4. బయల్దేరే రోజు ట్యూబ్‌లో ఆ కాగితం మరోసారి చూసుకోండి.

ఇంకా గుంటూరులోనే ఉన్నారా? అయితే వెళ్లేలోపు ఇక్కడే ఒక నాటకం చూడండి. బృందావన్ గార్డెన్స్ వేంకటేశ్వరస్వామి గుడి దగ్గరున్న అన్నమయ్య కళావేదికలోనో, బెజవాడ తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలోనో ఏదైనా ప్రదర్శన ఉన్నప్పుడు వెళ్లి, ఫోన్ తీయకుండా చివరిదాకా కూర్చోండి. రెండు గంటలు ఫోన్ ముట్టకుండా మనుషుల్ని చూడటం అలవాటు తప్పిన కంటికి అది మంచి సాధన.

4. ఏం వేసుకోవాలి

మొదటిసారి నేను జీన్స్ ప్యాంటు, పైన ఒక కాటన్ కుర్తీ, దాని మీద సన్న స్వెటర్ వేసుకుని వెళ్లాను. మధ్యాహ్నం ఎండ చూసి మోసపోయాను. ఎనిమిదిన్నరకి జల్లు మొదలైంది. పది నిమిషాల్లో జీన్స్ మోకాలి దాకా తడిసి, తడి గోనెసంచి కట్టుకున్నట్టు బరువెక్కింది. ఆ గుడ్డ ఆరదు. నది మీంచి గాలి వీచినప్పుడల్లా కాళ్లు జివ్వుమనేవి. విరామంలో బయటికి వచ్చేశాను, తర్వాత సగం ఏమైందో ఇప్పటికీ నా కళ్లతో చూడలేదు. ఆ బాధ మీకు వద్దనే ఈ భాగం ఇంత వివరంగా రాస్తున్నాను.

జూన్‌లో కూడా లండన్ రాత్రి 11 నుంచి 13 డిగ్రీల దాకా దిగుతుంది. మనకి సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున కూడా అంత చలి అరుదు. పైగా కదలకుండా మూడు గంటలు నిలబడతారు, నడిచేటప్పుడు పుట్టే వేడి పుట్టదు.

వరస ఇదీ:

- ఒంటికి ఆనేది: పల్చటి థర్మల్ లేదా సింథటిక్ టీషర్ట్. కాటన్ వద్దు, తడిస్తే ఒంటికి అంటుకుని చలి పెంచుతుంది.
- మధ్యలో: ఉన్ని స్వెటర్ లేదా ఫ్లీస్. దీన్ని పగలు సంచిలో పెట్టుకుని, ఆట మొదలయ్యే ముందు వేసుకోండి. వణుకు మొదలయ్యాక వేసుకుంటే ఒళ్లు వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది.
- పైన: టోపీ ఉన్న రెయిన్‌కోటు లేదా తల మీంచి తొడుక్కుంటే మోకాళ్ల దాకా వచ్చే పోంచో.
- కాళ్లకి: తొందరగా ఆరే ట్రాక్ ప్యాంటు లాంటిది. సల్వార్ వేసుకునేవాళ్లు లోపల థర్మల్ లెగ్గింగ్ వేసుకోండి.
- పాదాలకి: అలవాటైన బూట్లు, మందపాటి మేజోళ్లు. కొత్త బూట్లు ఆ రాత్రి తొడగొద్దు. చెప్పులు అసలే వద్దు, జనంలో పాదాలు తొక్కేస్తారు.
- ఒక జత మేజోళ్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంచిలో వేసుకోండి. తడిస్తే విరామంలో మార్చుకోవచ్చు. ఇంత చిన్న వస్తువు ఇచ్చే సుఖం అనుభవిస్తే తెలుస్తుంది.

గొడుగు తీసుకెళ్లినా ఆట జరుగుతుండగా తెరవనివ్వరు, వెనకున్నవాళ్లకి అడ్డం కదా. రెయిన్‌కోటు ఒక్కటే దారి. బెజవాడ బీసెంట్ రోడ్‌లోనో గుంటూరు పట్నం బజారులోనో ఇక్కడే మంచిది కొనుక్కుని వెళ్లండి. కొనేటప్పుడు మూడు చూడండి: టోపీకి తాడు ఉందా, కుట్ల మీద లోపలి నుంచి టేపు అంటించి ఉందా, చేతులు కదిపితే గరగరమని చప్పుడు చేస్తోందా. చప్పుడు చేసే ప్లాస్టిక్‌ది వద్దు. ఆ గరగరలో డైలాగు మీకూ వినపడదు, పక్కవాళ్లకీ వినపడదు.

కళ్లద్దాలవాళ్లు రెయిన్‌కోటు కింద ముందు అంచు ఉన్న టోపీ పెట్టుకుంటే చినుకులు అద్దం మీద పడవు.

5. తిండి, నీళ్లు

ఖాళీ కడుపుతో యార్డ్‌లో నిలబడకండి. కళ్లు తిరిగి పడిపోయేవాళ్లలో చాలామంది నీళ్లు తాగక, తినక పడిపోయినవాళ్లే.

ఆట ముందే తినేయాలి. సాయంత్రం ఆరుకి నది ఒడ్డున బ్యాంక్‌సైడ్‌లో బెంచీ చూసుకుని డబ్బా విప్పండి. అలాంటి వేళకి పులిహోరని మించింది లేదు. చల్లారినా బాగుంటుంది, కారదు, చెంచాతో తినొచ్చు. ఒక్కటే జాగ్రత్త: మధ్యాహ్నం కలిపే పులిహోరలో నూనె మామూలు కంటే ఒక చెంచా ఎక్కువ వేయండి. అక్కడి గాలికి అన్నం ఊరికే బిరుసెక్కుతుంది. అన్నం పూర్తిగా ఆరాకే డబ్బా మూత పెట్టండి, వేడి మీద పెడితే ఆవిరి నీరై అడుగున చేరి ముద్దవుతుంది. వేరుశనగ పప్పు విడిగా చిన్న కవర్లో తీసుకెళ్లి తినేముందు కలపండి, కరకరలాడుతుంది.

పెరుగన్నం వద్దు, ట్యూబ్ కుదుపులకి మూతలోంచి కారుతుంది. గోంగూర, ఆవకాయ గదిలోనే ఉండనివ్వండి. తినగానే చేతులు కడుక్కునే చోటు ఉండదు, ఆ నూనె చేతులతో మూడు గంటలు జనంలో నిలబడాలి. రీజెంట్స్ పార్క్‌కి వెళ్తే అక్కడ పార్కులోనే గడ్డి మీద కూర్చుని తినొచ్చు.

నీళ్లు ఆటకి గంట ముందు బాగా తాగి, ఆ తర్వాత గుక్క గుక్కగా తాగండి. బాత్రూమ్‌కి భయపడి మొత్తానికే మానేయడం తప్పు.

6. ఆ సాయంత్రం గంటల లెక్క

ఏడున్నర ఆట అనుకుంటే:

- 4:30 – ఫోన్, పవర్‌బ్యాంక్ చార్జింగ్. టికెట్‌ని ఫోన్‌లో ఆఫ్‌లైన్‌లో కూడా తెరుచుకునేలా భద్రం చేసుకోండి.
- 5:00 – గది నుంచి బయల్దేరడం. బస్సుల్లో నగదు తీసుకోరు, కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డో ఆయిస్టర్ కార్డో (లండన్ ప్రయాణాలకి ముందే డబ్బు వేసుకునే కార్డు) ఉండాలి. ఒక బస్సు ఎక్కిన గంట లోపల ఇంకో బస్సు మారితే దానికి మళ్లీ డబ్బు పడదు, అదే కార్డు తాకిస్తే చాలు.
- 6:00 – తిండి. ఇంటికి ఫోన్ కూడా ఇప్పుడే. వేసవిలో మనకీ లండన్‌కీ నాలుగున్నర గంటల తేడా, అంటే అక్కడ ఆరు అయితే గుంటూరులో రాత్రి పదిన్నర. ఆట అయ్యాక చేస్తానంటే ఇక్కడ తెల్లవారుజామున మూడు అవుతుంది. అమ్మ అప్పటిదాకా ఫోన్ పక్కన పెట్టుకుని మేలుకునే ఉంటుంది. "ఫోన్ జేబులో పెట్టేస్తున్నా, పడుకో, చేరగానే మెసేజ్ పెడతా" అని చెప్పేయండి.
- 6:30 – బాత్రూమ్ పని చూసుకుని క్యూలోకి. యార్డ్‌లో నంబర్లు లేవు, ముందొచ్చినవాళ్లకి మంచి చోటు.

గ్లోబ్‌కి సెయింట్ పాల్స్ స్టేషన్‌లో దిగి మిలీనియం వంతెన మీదుగా నడిచి వెళ్లొచ్చు, లండన్ బ్రిడ్జ్ స్టేషన్ నుంచి ఒడ్డు వెంట నడవొచ్చు. రీజెంట్స్ పార్క్ థియేటర్‌కి బేకర్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర.

గుంపుగా వెళ్లేటప్పుడు నలుగురు మించొద్దు. పదిమంది వెళ్తే ఎవరో ఒకరు ఆలస్యం, అందరికీ పక్కపక్కన చోటు దొరకదు, చివరికి మాట్లాడుకుంటూ నిలబడతారు. ఒంటరిగా వెళ్లినా ఫర్వాలేదు, కానీ రూమ్మేట్‌కి లైవ్ లొకేషన్ పంపి వెళ్లండి.

7. యార్డ్‌లో ఎలా నిలబడాలి

లోపలికి వెళ్లగానే ఎక్కడో ఒకచోట ఆనుకునే జాగా పట్టండి. రెండే ఉన్నాయి: వేదిక అంచు, లేదా వెనక గోడ. వేదిక అంచున మోచేతులు ఆనించుకోవచ్చు, నటుల చెమట కూడా కనిపిస్తుంది. కానీ తల ఎత్తి చూడాలి, మెడ పట్టేస్తుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకి వెనక గోడ మంచిది. వీపు ఆనుతుంది, వేదిక మొత్తం కనిపిస్తుంది, ఒంట్లో బాగోకపోతే బయటికి వెళ్లడం తేలిక. మధ్యలో నిలబడితే ఆనుకోవడానికి ఏమీ ఉండదు.

మోకాళ్లు బిగబట్టి నిలబడకండి. కొద్దిగా వదులుగా వంచి, బరువుని ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుస్తూ ఉండండి. మడమలు ఎత్తి దించుతుంటే రక్తం ఆడుతుంది. కళ్ల ముందు మసకలు వస్తే ఆగకుండా పక్కనున్న స్టివార్డ్‌కి (జనాన్ని చూసుకునే థియేటర్ మనిషికి) చెప్పండి. వాళ్లు అక్కడ ఉన్నది అందుకే, విసుక్కోరు.

నటులు జనం మధ్యలోంచే నడిచి వస్తారు. తోపుడు బండి కూడా రావచ్చు. "మూవ్" అని వినపడగానే పక్కకి జరగండి, ఫోన్ తీయకండి. ఆట జరుగుతుండగా ఫొటోలు తీయకూడదు. నటుడు మీ కళ్లలోకి చూసి ఏదైనా అడిగితే కంగారు పడొద్దు, చిన్న నవ్వు చాలు.

మన దగ్గర పద్యం నచ్చితే 'వన్స్‌మోర్' అని కేకేస్తాం. అక్కడ ఆ అలవాటు లేదు. నవ్వు, చప్పట్లు ఎంతైనా ఫర్వాలేదు. మాట్లాడటం మాత్రం వద్దు. పక్కన ఉన్న స్నేహితురాలికి తెలుగులో గుసగుసగా అర్థం చెప్పాలనిపిస్తుంది, విరామం దాకా దాచుకోండి.

మొదటి పది నిమిషాలు మాటలు జారిపోతాయి. ప్రతి మాటా పట్టుకోవాలని ప్రయత్నించొద్దు. ఎవరు ఎవరి వైపు తిరిగారు, ఎవరు వెనక్కి తగ్గారు అన్నది చూస్తూ ఉండండి. పావుగంటకి చెవి కుదురుకుంటుంది.

విరామంలో గుంపులో సగం మంది బాత్రూమ్‌కి, సగం మంది చోటు కాపలాకి. తర్వాత మారండి.

8. వాన పడితే

గ్లోబ్‌లో వానకి నాటకం ఆగదు, డబ్బు వెనక్కి రాదు. రీజెంట్స్ పార్క్‌లో ఆట మొదలయ్యే సమయానికి ముందు రద్దు చేయరు, కాబట్టి మబ్బు చూసి ఇంట్లో ఉండిపోవద్దు, వెళ్లాల్సిందే. వాన వల్ల ఆట రద్దయితే డబ్బు ఇవ్వరు, ఇంకో రోజు ఆటకి టికెట్ మార్చుకోవచ్చు. అందుకే అక్కడ టికెట్‌ని సీజన్ చివరి వారంలో కొనకండి, మార్చుకోవడానికి రోజులు మిగలవు.

మొదటి చినుకుకే పోంచో తొడగండి, తడిశాక తొడిగితే లోపలి తడి లోపలే ఉంటుంది. టోపీని చెవుల వెనక్కి కొంచెం లాగి తాడు బిగించండి, లేకపోతే టోపీ మీద టపటపలే వినిపిస్తాయి. సంచి పోంచో లోపల, కడుపు మీద ఉండాలి. చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టకండి, మీ చేతి అంచు నుంచి కారే నీళ్లు ముందున్నాయన మెడలోకి పోతాయి.

9. తిరుగు ప్రయాణం

ఆట పదింపావు, పదిన్నర మధ్య అయిపోతుంది. గ్లోబ్‌లో చివర్లో సాధారణంగా నటులందరూ కలిసి ఆడే నాట్యం ఉంటుంది, విషాద నాటకానికి కూడా. రైలు తొందరలో అది వదులుకోవద్దు. వదులుకోకుండా ఉండాలంటే దారి ముందే తెలిసి ఉండాలి.

- ఉదయమే తిరుగు దారిని రెండు రకాలుగా చూసి, స్క్రీన్‌షాట్ తీసుకోండి: ఒకటి రైలు, ఒకటి రాత్రి బస్సు.
- శుక్ర, శనివారాల్లో తెల్లవార్లూ నడిచే లైన్లు ఐదు: సెంట్రల్, జూబిలీ, నార్తర్న్, పికడిల్లీ, విక్టోరియా. వాటిలో కొన్ని పూర్తి పొడవునా నడవవు. లండన్ బ్రిడ్జ్ స్టేషన్‌లో నార్తర్న్ లైన్ పగలు ఆగుతుంది, కానీ రాత్రి సర్వీసు చేరింగ్ క్రాస్ వైపు నుంచి పోతుంది. అర్ధరాత్రి దాటాక లండన్ బ్రిడ్జ్‌లో దొరికేది జూబిలీ లైనే. బేకర్ స్ట్రీట్‌లో కూడా జూబిలీ ఉంది.
- మిగతా రోజుల్లో ట్యూబ్ దాదాపు అర్ధరాత్రికి ఆగిపోతుంది. ఊరి శివార్లకి వెళ్లే మామూలు రైళ్లు ఇంకా ముందే ఆగొచ్చు.
- రాత్రి బస్సుల నంబరు ముందు సాధారణంగా 'ఎన్' అక్షరం ఉంటుంది. పై అంతస్తు ఎక్కకుండా కింద, డ్రైవర్ దగ్గర కూర్చోండి.
- ఫోన్‌ని రోడ్డు అంచున నిలబడి చేతిలో పట్టుకుని చూడొద్దు, సైకిళ్ల మీద వచ్చి లాక్కుపోతారు. గోడ వైపు తిరిగి చూసుకుని జేబులో పెట్టుకోండి.
- అత్యవసరమైతే 999.

నా రెండోసారి ఆదివారం వెళ్లాను. ఆట బాగా చూశాను, స్టేషన్‌కి వెళ్తే మరమ్మతులని రైలు లేదు. బదులు వేసిన బస్సు కోసం నలభై నిమిషాలు నిలబడి, గది చేరేసరికి ఒంటిగంటన్నర. మర్నాడు తొమ్మిదింటికి క్లాసు. అప్పట్నుంచి ఉదయం లేవగానే రైళ్ల స్థితి చూడటం అలవాటు చేసుకున్నాను.

10. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటికి మందు

"టికెట్ నాలుగు కొన్నాను, ఇద్దరు రామన్నారు." థియేటర్‌కే ముందుగా మెయిల్ పెట్టి మార్చడం కుదురుతుందేమో అడగండి. ఆఖరి గంటలో అడిగితే పని కాదు.

"ల్యాప్‌టాప్ సంచితో లైబ్రరీ నుంచి నేరుగా వెళ్లాను." పెద్ద సంచి జనంలో నరకం, గేటు దగ్గర ఆపనూ ఆపుతారు. లైబ్రరీ లాకర్‌లో పెట్టి చిన్న సంచితో వెళ్లండి.

"ఆలస్యమైంది." పరుగెత్తుకుంటూ జనంలోకి తోసుకుపోవద్దు. స్టివార్డ్ చెప్పిన సమయానికే లోపలికి వెళ్లి, వెనక గోడ దగ్గర ఉండిపోండి.

"సగంలో కథ తప్పిపోయింది." విరామంలో మీ కాగితం తీసి పేర్లు చూసుకోండి. పక్కనున్న ముసలావిడని అడగండి. యార్డ్‌లో పదిసార్లు వచ్చినవాళ్లు ఉంటారు, ఎంతో ఇష్టంగా చెబుతారు. నాకు రెండో సగం మొత్తం అలా ఒకావిడ చెప్పిన నాలుగు మాటల మీదే అర్థమైంది.

11. లండన్ కాకపోతే

న్యూయార్క్‌లో ఉన్నవాళ్లకి సెంట్రల్ పార్క్‌లోని డెలాకోర్ట్ థియేటర్ ఉంది. 1962 నుంచి అక్కడ వేసవి నాటకాలకి టికెట్ ఉచితం, కానీ క్యూలోనో లాటరీలోనో సంపాదించుకోవాలి. క్యూకి మడత దుప్పటి, నీళ్లు, టోపీ పట్టుకెళ్లండి, అక్కడ వేసవి ఎండ మన ఎండకి తమ్ముడే. ఇటలీలో వెరోనా అరీనాకి వెళ్తే చౌక చోట్లు రాతి మెట్లు, దిండు తప్పనిసరి. ఇంగ్లండ్‌లోనే కార్న్‌వాల్ సముద్రపు కొండ మీద మినాక్ థియేటర్ ఉంది. రాత్రి తిరిగి రావడానికి బస్సులు నమ్ముకోలేరు, కారున్న స్నేహితులతోనే వెళ్లండి.

12. గది చేరాక

- ముందు ఇంటికి ఒక్క మెసేజ్: "చేరాను". అమ్మ లేవగానే చూసుకునేది అదే.
- బూట్లలో పాత న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి పెట్టండి, తెల్లారేసరికి తడి పీల్చేస్తుంది. హీటర్ మీద పెట్టొద్దు, అతుకులు ఊడిపోతాయి.
- పోంచోని మడవకుండా బాత్రూమ్ తలుపుకి తగిలించండి. తడిగా మడిస్తే వాసన పట్టి మళ్లీసారికి పనికిరాదు.
- పాదాల్ని పది నిమిషాలు వేడినీళ్లలో, చిటికెడు ఉప్పు వేసి ఉంచండి.
- పాత్రల పేర్ల కాగితం పారేయొద్దు. వెనక వైపు ఎక్కడ నిలబడ్డారో, ఏ బస్సులో వచ్చారో, ఏది తీసుకెళ్లి ఉంటే బాగుండేదో రాసిపెట్టుకోండి. వచ్చే సెప్టెంబర్‌లో బ్రాడీపేట నుంచి ఇంకో పిల్ల దిగుతుంది, ఆ కాగితం ఆ పిల్లకి ఇవ్వండి.